రక్షణ మంత్రి గారూ, కథ చెప్పిన సభలోనే లెక్క కూడా చెప్పండి

గౌరవనీయులైన భారత రక్షణ శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా కావలి నుంచి ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. నా సర్వీసులో కొంతకాలం నెల్లూరు జిల్లా సముద్రం పక్క పట్టపుపాలేల్లో గడిచింది, కొంతకాలం ఉమ్మడి ప్రకాశం జిల్లాలో గిద్దలూరు, కొమరోలు వైపు గడిచింది. ఒకచోట పిల్లలు పదో తరగతి దాటకముందే పడవెక్కుతారు. రెండోచోట ఇంటర్ అయ్యీ కాకముందే ఆర్మీ రిక్రూట్‌మెంట్‌కి పరిగెత్తుతారు. దేశ భద్రత గురించి ఢిల్లీలో ఏ నిర్ణయం జరిగినా దాని సెగ ముందుగా తగిలేది ఇలాంటి ఇళ్ళకే. ఆ ఇళ్ళ పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఈ మాటలు అడిగే హక్కు నాకుందనుకుంటున్నాను.

విషయం సూటిగా చెప్తాను. నాయకులు దేశ భద్రత గురించి జనానికి చెప్పేటప్పుడు కథలాగే చెప్తారు. అందులో ఒక శత్రువు ఉంటాడు, ఒక అవమానం ఉంటుంది, ఒక వీరుడు ఉంటాడు, చివరికి గెలుపు ఉంటుంది. జనం దాన్ని నమ్మి ఓట్లేస్తారు, పన్నులు కడతారు, పిల్లల్ని పంపుతారు. ఏ సరిహద్దుకి డబ్బు పోవాలి, ఏ ఆయుధం కొనాలి, ఎవరితో మాట్లాడాలి, ఎవరితో మాట్లాడకూడదు అన్నవి చాలావరకు ఆ కథే తేలుస్తుంది. కథ చెప్పడమే తప్పని నేను అనడం లేదు. 140 కోట్ల మందికి ఫైళ్ళు చదివి వినిపించడం ఎవరివల్లా కాదు. కానీ కథ చెప్పినంత గట్టిగా ఆ తర్వాత లెక్క చెప్పడం మన దేశంలో అలవాటు కాలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే తీరు. ఈ ఉత్తరం దాని గురించే.

మా ప్రాంతంలో యుద్ధం కథ అనగానే గుర్తొచ్చేది కాటమరాజు కథ. 13వ శతాబ్దం నాటి సంగతి. కరువొచ్చి ఆలమందల్ని తోలుకుని నెల్లూరు మనుమసిద్ధి రాజ్యంలోకి వచ్చిన గొల్లలకీ, ఆ రాజుకీ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. పచ్చిక మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను అది. పెద్దమనుషులు కూర్చుంటే ఒక పూటలో తెగే తగువు. అది పెరిగి పెరిగి పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం అయింది. రాజు తరఫున పోరాడిన ఖడ్గతిక్కన బలగమంతా పోయి ఇంటికి తిరిగొస్తే, స్నానానికి ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డంపెట్టి పసుపు ముద్ద పెట్టి భార్య ఎత్తిపొడిచిందనీ, తల్లి విరిగిన పాలు పోసి దెప్పిందనీ, ఆయన మళ్ళీ వెళ్ళి ప్రాణం వదిలాడనీ చెప్పుకుంటాం. బతికి తిరిగొచ్చిన సేనానిని మళ్ళీ చావుకి పంపింది శత్రువు కాదు. వీరుడంటే ఇలాగే ఉండాలని అంతకుముందే ఊరందరి తలల్లో స్థిరపడిపోయిన కథ.

ఈ కథని కొమ్ములవాళ్ళు రాత్రంతా కొమ్ము ఊది చెప్తుంటే చిన్నప్పుడు విన్నాను. తర్వాత క్లాసులో నేనూ చెప్పేవాణ్ణి. ఒకసారి ఎనిమిదో తరగతి ఆడపిల్ల లేచి, “ఇంతకీ పుల్లరి కట్టారా సార్?” అని అడిగింది. క్లాసంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. యుద్ధానికి కారణమైన ఆ పన్ను చివరికి ఏమైందో మా జనానికి పట్టలేదు. ఎవరు ఎలా చనిపోయారన్నది మాత్రం 700 ఏళ్ళుగా నోటికి ఉంది. దేశ భద్రత గురించి పెద్దలు మాట్లాడినప్పుడల్లా నాకు ఆ పిల్ల ప్రశ్నే గుర్తొస్తుంది. అసలు తగువు దేని గురించి, అది తీరిందా, ఎంత ఖర్చయింది, ఎవరు పోయారు, వాళ్ళు పోవాల్సిన అవసరం ఉందా?

ఈ ప్రశ్నలు అడగని చోట ఏం జరుగుతుందో ఇరాక్ చూపించింది. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో చిన్న సీసా ఒకటి చేత్తో పైకెత్తి చూపించి, సద్దాం హుస్సేన్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని ప్రపంచానికి చెప్పాడు. అంతకు నాలుగు నెలల ముందే బ్రిటన్ ప్రభుత్వం ఒక పత్రం విడుదల చేసి, ఆ ఆయుధాల్లో కొన్నిటిని 45 నిమిషాల్లో ప్రయోగించగలరని రాసింది. కథలో కావాల్సినవన్నీ ఉన్నాయి. దుర్మార్గుడు ఉన్నాడు, గడియారం ఉంది, చేతిలో సీసా ఉంది. ఆ ఆయుధాలు దొరకలేదు. రసాయన, జీవాయుధాల గురించి ముఖ్యమైన సమాచారం ఇచ్చినవాడు తాను అబద్ధం చెప్పానని 2011లో ఒప్పుకున్నాడు. ఈలోగా 4,400 మందికి పైగా అమెరికా సైనికులు, 179 మంది బ్రిటన్ సైనికులు చనిపోయారు. చనిపోయిన ఇరాకీల సంఖ్య లక్షల్లో ఉంది. ఆ ప్రసంగం తన పేరుకి మచ్చ అని పావెల్ తర్వాత తనే చెప్పుకున్నాడు. బ్రిటన్ వాళ్ళు మాత్రం ఒక విచారణ సంఘం వేసుకుని, ఏళ్ళ తరబడి వాంగ్మూలాలు తీసుకుని, 2016లో 12 సంపుటాల నివేదిక బయటపెట్టారు. మాజీ ప్రధానిని కూర్చోబెట్టి బహిరంగంగా ప్రశ్నలడిగారు. పోయిన ప్రాణాలు తిరిగిరాలేదు. అయినా కొడుకుని పోగొట్టుకున్న తల్లి చదువుకోడానికి ఒక పుస్తకమంటూ ఉంది.

మన దగ్గర ఆ పుస్తకం ఏది, మంత్రి గారూ?

1962 సంగతే తీసుకుంటాను. హిందీ చీనీ భాయీ భాయీ అన్నది ఆ కాలపు కథ. చైనా మన మీదికి రాదన్న నమ్మకం మీద సరిహద్దు పోస్టులు పెట్టారు, సైన్యం సన్నాహాలు సాగదీశారు. కథ తిరగబడ్డాక దాని స్థానంలో ఇంకో కథ వచ్చింది. 1962 అక్టోబరు 12న సిలోన్ వెళ్తూ నెహ్రూ గారు విలేకరులతో మాట్లాడుతూ, మన భూభాగాన్ని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామన్నారు. జనం కోపాన్ని చల్లార్చే మాటే కావచ్చు. చలిబట్టలు కూడా సరిగ్గా లేని సైనికులు అప్పటికి కొండల మీద ఉన్నారు. 8 రోజుల తర్వాత చైనా దాడికి దిగింది. ఆ ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ కలిసి రాసిన నివేదికని ప్రభుత్వం ఈనాటికీ అధికారికంగా బయటపెట్టలేదు. అందులో కొంత భాగం 2014లో ఒక విదేశీ జర్నలిస్టు ఇంటర్నెట్‌లో పెడితే చదువుకోవాల్సి వచ్చింది. 60 ఏళ్ళు దాటిపోయాయి. అందులో పేర్లున్న వాళ్ళు పోయారు, వాళ్ళు వాడిన తుపాకులు మ్యూజియాలకి చేరాయి. ఇంకా ఎవరి నుంచి దాస్తున్నాం? ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దాన్ని బయటపెట్టమని అడిగిన పార్టీలు అధికారంలోకి రాగానే వీల్లేదంటున్నాయి. ఇది ఒక పార్టీ తప్పు కాదని అందుకే అన్నాను.

అయితే ఆ యుద్ధంలోనే మనం గర్వపడాల్సిన పని కూడా ఒకటి జరిగింది. ఇంకా కాల్పులు సాగుతుండగానే 1962 నవంబరు 8న పార్లమెంటు కూర్చుంది. యువకుడిగా ఉన్న వాజ్‌పేయి గారు సమావేశం పెట్టమని అడిగారు, నెహ్రూ గారు పెట్టారు, సభలో సభ్యులు నిలబడి ప్రధానిని నిలదీశారు. దేశం బలహీనపడలేదు. వాజ్‌పేయి గారు ప్రధాని అయ్యాక కార్గిల్ యుద్ధం వచ్చింది. 1999 జూలై 26న యుద్ధం ముగిస్తే, 29న కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన సమీక్ష కమిటీ వేశారు. 527 మంది సైనికులు పోయిన యుద్ధం అది. గెలిచాం, సంబరాలు చేసుకున్నాం, ఊరూరా ర్యాలీలు తీశాం. గెలుపు కథ అక్కడితో ఆపేయకుండా, చొరబాటు మన కళ్ళు గప్పి ఎలా జరిగిందో ఆ కమిటీ రాసింది. కొన్ని భాగాలు తీసేసినా సరే, 2000 ఫిబ్రవరిలో నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. నిఘా వ్యవస్థలో వచ్చిన మార్పులు దాని నుంచే వచ్చాయి. దాని వెనకే వేసిన మంత్రుల బృందం 2001లో సూచించిన త్రివిధ దళాధిపతి (సీడీఎస్) పదవి 2020 జనవరిలో మీ ప్రభుత్వం చేతుల మీదుగానే వచ్చింది. లెక్క చెప్తే సైన్యం మనోధైర్యం దెబ్బతింటుందనే వాళ్ళకి నేను చూపించేది ఈ ఉదాహరణే. లెక్క చెప్పినందువల్లే సైన్యం బాగుపడింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1971 ఉంది. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చి పడ్డారు. ఇందిరా గాంధీ గారు ఆ కథని దేశదేశాలు తిరిగి చెప్పారు. ఆ కథకి బలం ఎక్కడిదంటే, విదేశీ విలేకరులు స్వయంగా వెళ్ళి శిబిరాల్లో చూడగలిగారు. ఎవరైనా వచ్చి సరిచూసుకోగల కథ అది. నిజం మీద నిలబడ్డ కథ విధానాన్ని నడిపితే నాకేమీ అభ్యంతరం లేదు. 1965లో శాస్త్రి గారు సోమవారం ఒక పూట అన్నం మానమంటే, మొలకొలుకుల వడ్లు పండించే మా నెల్లూరు జిల్లాలో కూడా పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయని మా అమ్మ చెప్పేది. జనం ఆయన మాట ఎందుకు విన్నారంటే, ఆయన ముందు తన ఇంట్లో మానేసి తర్వాత మమ్మల్ని అడిగాడు కాబట్టి.

ఇప్పుడు మన కాలానికి వస్తాను. ఇది రాయడానికి చెయ్యి కొంచెం బరువుగానే ఉంది.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన దాడి జరిగింది. మర్నాడు 27న బుడ్గాం దగ్గర మన హెలికాప్టర్ ఒకటి కూలి ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. దాన్ని కూల్చింది మన క్షిపణేనని, అది పెద్ద పొరపాటని వాయుసేన అధిపతి బహిరంగంగా చెప్పింది అక్టోబరులో. ఈ మధ్యలో దేశంలో ఎన్నికలు జరిగాయి. వీధివీధినా బాలాకోట్ కథ చెప్పారు. బుడ్గాం కథ ఎవరూ చెప్పలేదు. విచారణకి టైం పడుతుందని నాకు తెలుసు. అయినా ఆ ఆరు ఇళ్ళ వాళ్ళు ఆ ఏడు నెలలు ఏమనుకుంటూ గడిపారో ఒక్కసారి ఆలోచించండి.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. అందులో మా నెల్లూరు జిల్లా వాడు కూడా ఉన్నాడు. ఆ వారం మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా అదే మాట. మే 7న మీరు తొమ్మిది చోట్ల దాడులు చేయించినప్పుడు ఇక్కడ ఊపిరి పీల్చుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ దాడి అవసరమా కాదా అన్నది ఈ ఉత్తరంలో నా విషయం కాదు. ఆపరేషన్‌కి సిందూర్ అని పేరు పెట్టారు. కట్టుకున్నవాణ్ణి కళ్ళముందే పోగొట్టుకున్న ఆడవాళ్ళ బాధని ఆ ఒక్క పేరు మోసింది. అంత బరువైన పేరు పెట్టినప్పుడు దాని వెనక జరిగినదంతా ముందుగా మాకు చెప్పాలా, అక్కర్లేదా? మన విమానాలకి నష్టం జరిగిందన్న సంగతి దేశంలో చాలామందికి మే 31న తెలిసింది. త్రివిధ దళాధిపతి సింగపూర్‌లో విదేశీ మీడియాతో మాట్లాడినప్పుడు తెలిసింది. ఎన్నో ఆయన అప్పుడు చెప్పలేదు. ఎన్ని కూలాయన్న దాని కంటే ఎందుకు కూలాయన్నది ముఖ్యమన్నారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ఆ మాట పార్లమెంటులో పుట్టి సింగపూర్‌కి వెళ్ళాలి గానీ, సింగపూర్‌లో పుట్టి మాకు టీవీల్లో రాకూడదు. ప్రత్యేక సమావేశం పెట్టమని ప్రతిపక్షాలు అడిగాయి. చర్చ జూలై ఆఖర్లో, మామూలు వర్షాకాల సమావేశాల్లో జరిగింది. 1962లో యుద్ధం మధ్యలో కూర్చున్న సభ, యుద్ధం ఆగిన రెండున్నర నెలలకి గానీ కూర్చోలేకపోవడం నన్ను బాధపెట్టింది.

ఆ రోజుల్లోనే మా సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. పైన వరసగా పెద్ద నాయకులు, పక్కన స్థానిక నాయకులు, కింద మూలన తుపాకి పట్టుకున్న జవాను. జవాను బొమ్మ జిల్లా నాయకుడి మీసమంత ఉంది. ఆ జవాను ఎవరో తెలియదు, ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అయ్యుంటుంది. సైనికుల ఫొటోలు ఎన్నికల ప్రచారానికి వాడొద్దని ఎన్నికల సంఘం 2013లోనే పార్టీలకి చెప్పింది, 2019 మార్చిలో మళ్ళీ గుర్తు చేసింది. ఎన్నికలు లేని రోజుల్లో ఆ నియమం వర్తించదని ఫ్లెక్సీ కట్టినవాళ్ళు అనొచ్చు. మీరు తలుచుకుంటే, రక్షణ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్‌తో యూనిఫాం బొమ్మని రాజకీయ ఫ్లెక్సీల మీద నుంచి దింపేయమని అన్ని పార్టీలనీ, మీ పార్టీతో మొదలుపెట్టి, కోరవచ్చు. ఇది నా మొదటి విన్నపం.

కథ చెప్పిన చోట ఏం జరుగుతుందో ఇంతవరకు రాశాను. అసలు కథే చెప్పని చోట సంగతి మా తీరం మీద కనిపిస్తుంది. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, మన్నించండి.

దేశ భద్రత అనగానే నాయకుల ప్రసంగాల్లో మంచు కొండలు కనిపిస్తాయి, ముళ్ళకంచె కనిపిస్తుంది. సముద్రం కనిపించదు. 1993 బొంబాయి పేలుళ్ళకి వాడిన పేలుడు పదార్థం సముద్రం మీదుగానే వచ్చి రాయగఢ్ జిల్లా తీరంలో దిగింది. తర్వాత తీర భద్రతకి పథకం వేయడానికి 2005 దాకా పట్టింది. అది కూడా నత్తనడకే నడిచింది. 2008 నవంబరు 26న పదిమంది కరాచీ నుంచి సముద్రం మీద వచ్చారు. కుబేర్ అనే గుజరాత్ చేపల పడవని దారిలో పట్టుకుని, అందులో ఉన్నవాళ్ళని చంపి, కొలాబాలో జాలర్ల పేటలో దిగారు. మీరెవరని వాళ్ళని ముందుగా అడిగింది ఆ పేటలో చేపలు పట్టేవాళ్ళే. 166 మంది చనిపోయారు. అప్పుడు గానీ సముద్రానికి కథ దొరకలేదు. 2009 ఫిబ్రవరిలో తీర భద్రత మొత్తం బాధ్యత నేవీకి అప్పగించారు, మెరైన్ పోలీసు స్టేషన్లు పెంచారు, జాలర్లకి గుర్తింపు కార్డులిచ్చారు, సాగర్ కవచ్ పేరుతో మాక్‌డ్రిల్స్ మొదలుపెట్టారు. 15 ఏళ్ళు ఆ పని జరగకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం ఒక్కటే కాదని నేను నమ్ముతాను. దాన్ని జనానికి చెప్పి మెప్పు పొందే నాయకుడు అప్పుడు లేడు.

అప్పటినుంచి ప్రతి సభలోనూ మత్స్యకారులు దేశానికి కళ్ళూ చెవులూ అంటారు. మంచి మాటే. ఇసకపల్లి వైపో తుమ్మలపెంట వైపో ఏదో ఒక పాలెంలో సాయంత్రం వలలు బాగుచేసుకునే చోట కూర్చుని, ఆ కళ్ళూ చెవులూ ఏమంటున్నాయో వినండి. మా వాళ్ళ పెద్ద గొడవ సోనా బోట్లు. తమిళనాడు వైపు నుంచి వచ్చే పెద్ద మర పడవల్ని ఇక్కడ అలా పిలుస్తారు. రాష్ట్ర నిబంధనల ప్రకారం తీరానికి 8 కిలోమీటర్ల లోపల చిన్న పడవల వాళ్ళే వేటాడాలి. సోనా బోట్లు లోపలికొచ్చి, మా వాళ్ళు వేసిన వలల మీదుగా లాక్కుపోతాయి. తెగిపోయిన వల అంటే అప్పు చేసి కొన్న వల. నేను చూసిన ఒక వలలో మనిషి దూరేంత చిల్లి పడింది. దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని కుట్టుకుంటున్న ముసలాయన, ఒకప్పుడు నా స్టూడెంట్ తండ్రి, నాతో అన్నాడు: “ఫోన్ చేస్తే రేపొస్తామంటారు సార్. వాళ్ళొచ్చేలోపల బోటు మద్రాసు పోయుంటది. ఇంక ఎందుకు చేసేది?”

నా భయం అక్కడే మొదలైంది. అనుమానం ఉన్న పడవ కనిపిస్తే 1093కో 1554కో ఫోన్ చేయమని పోస్టర్లు అంటించారు. మామూలు రోజుల్లో ఫోన్ చేస్తే ఎవరూ రాని మనిషి, నిజంగా ప్రమాదకరమైన పడవ కనిపించిన రోజున ఫోన్ చేస్తాడా? వల గొడవ మత్స్యశాఖ సంగతి, ఉగ్రవాదుల పడవ రక్షణ శాఖ సంగతి అని మీ దగ్గర ఫైళ్ళు వేరుగా ఉంటాయి. సముద్రం మీద ఉన్నవాడికి రెండూ ఒక్కటే. పరాయి పడవ కనిపించింది, చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఇలా నాలుగుసార్లు జరిగితే ఆ కళ్ళు చూడ్డం మానకపోయినా, నోరు చెప్పడం మానేస్తుంది. పైగా మాక్‌డ్రిల్ రోజున మా వాళ్ళనే ఆపి కార్డులు చూపించమంటారు. తనిఖీ తప్పని నేను అనను. కళ్ళూ చెవులూ అన్నవాణ్ణి అనుమానితుడిలా నిలబెట్టే పద్ధతి తప్పు.

రెండో విన్నపం ఇక్కడిదే. తీరం నుంచి వచ్చిన ప్రతి ఫోన్‌కి, అది వల గొడవ అయినా సరే, ఎంతసేపట్లో పడవ బయల్దేరిందో రాసిపెట్టి ఏడాదికోసారి బయటపెట్టించండి. రాష్ట్రంతో, మత్స్యశాఖతో, కోస్ట్‌గార్డ్‌తో మాట్లాడించి ఇది చేయించగల చోట ఉన్నారు మీరు. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకి అమర్చే పథకం 2024 ఆగస్టులో ప్రధాని గారు ప్రారంభించారు. సెల్ సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పంపగల పరికరం అది. ఎంతో మంచి పని. శ్రీహరికోట 2022 దాకా మా జిల్లాలోనే ఉండేది, రాకెట్ ఎగిరే రోజున వేటకి వెళ్ళొద్దంటే మా వాళ్ళు మారుమాట్లాడకుండా ఆగేవాళ్ళు, ఇప్పటికీ ఆగుతున్నారు. ఆ ఇస్రో పరికరం ప్రతి చిన్న పడవకీ చేరాలి, అందులోంచి వచ్చిన మెసేజ్‌కి అవతల జవాబిచ్చే మనిషి ఉండాలి. అద్దంకి పక్కన కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2022 డిసెంబరులో యుద్ధ విమానాల ట్రయల్స్ జరిగితే జనం చేలల్లో నిలబడి చూశారు. నాకూ ఒళ్ళు పులకరించింది. అలాంటివి కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటికి కథ ఉంటుంది. అర్ధరాత్రి ఒక పడవకి తిరిగి వచ్చిన జవాబు ఎవరికీ కనిపించదు. మా తీరానికి కాపలా మాత్రం ఆ జవాబే.

చివరిగా పిల్లల సంగతి. 2022 జూన్ 14న, సైన్యంలోకి నాలుగేళ్ళకి తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. సైన్యం సగటు వయసు 32 నుంచి 26కి తగ్గుతుందనీ, క్రమశిక్షణ నేర్చిన యువకులు సమాజంలోకి తిరిగొస్తారనీ చెప్పారు. యువ సైన్యం అన్నది మంచి కథ, అందులో నిజం కూడా ఉంది. కానీ గిద్దలూరు వైపు తెల్లారుజామున రోడ్ల మీద పరిగెత్తే పిల్లల్ని అడిగితే వాళ్ళ కథ వేరు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే ఫుల్ మార్కులని ప్రాక్టీసు చేస్తారు. కోచింగ్‌కి నాన్న అప్పు చేసుంటాడు. తాతో మేనమామో పెన్షన్ తీసుకుంటూ ఇల్లు కట్టుకున్న ఊళ్ళు అవి. ఆర్మీ అంటే అక్కడ ఒక తరం కుదురుగా బతికే దారి. నాలుగేళ్ళ తర్వాత వందలో పాతికమందినే ఉంచుకుంటామంటే, మిగతా 75 మంది 22, 23 ఏళ్ళకి దాదాపు 11.71 లక్షల సేవానిధి తీసుకుని అదే రోడ్డు మీదికి వస్తారు. డ్యూటీలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తున్నారు, కాదనను. కానీ రెగ్యులర్ సైనికుడి భార్యకో తల్లికో జీవితాంతం వచ్చే పెన్షన్ వీళ్ళ ఇంటికి రాదు. ఒకే కందకంలో పక్కపక్కన చనిపోయిన ఇద్దరి ఇళ్ళకి రెండు రకాల న్యాయం. సభల్లో మాత్రం ఇద్దరినీ ఒకే మాటతో అమరవీరులంటారు. మాట ఒకటైనప్పుడు హక్కు కూడా ఒకటిగానే ఉండాలి. ఇది నా మూడో విన్నపం, అన్నిటికంటే ముందు చేయవలసింది.

ఈ పథకానికి పెన్షన్ల భారమే అసలు కారణమని చాలామంది నిపుణులు అంటారు. యువ సైన్యం కోసమని మీరంటారు. మీరు చెప్పిందే కారణమైతే దానికి ఆధారాలు పెట్టండి. డబ్బే కారణమైతే డబ్బని చెప్పండి. మా వాళ్ళు పేదవాళ్ళు, కానీ ఇంట్లో డబ్బుల్లేవని చెప్తే అర్థం చేసుకోలేనివాళ్ళు కాదు. నిజం తెలిస్తే వాళ్ళ నిర్ణయం వాళ్ళు తీసుకుంటారు. కొంతమంది అయినా వెళ్తారు. వెళ్ళేవాడు తను దేనికి వెళ్తున్నాడో తెలిసి వెళ్తాడు.

మొదటి బ్యాచ్‌కి నాలుగేళ్ళు 2026 చివరి నుంచి నిండుతాయి. ఎంతమంది చేరారు, ట్రైనింగ్ మధ్యలో ఎంతమంది వెళ్ళిపోయారు, ఎంతమందిని ఉంచుకున్నారు, కేంద్ర బలగాల్లో వాళ్ళకిస్తామన్న పోస్టుల్లో ఎన్ని నిజంగా నిండాయి, చనిపోయినవాళ్ళ ఇళ్ళకి ఏమి చేరింది అన్నది రాష్ట్రాల వారీగా ఒక పత్రంలో రాసి పార్లమెంటు ముందు పెట్టండి. దానితో పాటు 1962 నివేదిక కూడా బయటికొస్తే ఇంకా మంచిది. ఆ పత్రం తెలుగులో కూడా వేయించండి. కావలి, కందుకూరు, ఒంగోలు, గిద్దలూరు లైబ్రరీల్లో పెట్టించే పని, రిక్రూట్‌మెంట్‌కి వెళ్ళే పిల్లల చేత చదివించే పని మాలాంటి రిటైర్డ్ టీచర్లం చూసుకుంటాం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
కావలి, నెల్లూరు జిల్లా.